తాతయ్య పళ్లసెట్టుకీ మొక్కజొన్న పొత్తుకీ ఎందుకు పడదు?

బోనకల్ మండలంలో సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే చేలల్లో మొక్కజొన్న గింజ గట్టిపడే రోజుల్లో ఏ ఇంటికి వెళ్లినా ముందు చేతికిచ్చేది కాల్చిన పొత్తే. ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది మరీ ఇస్తారు. మీరూ నేనూ దాన్ని అడ్డంగా పట్టుకుని ముందుపళ్లతో వరసగా గీరుకుంటూ పోతాం. అదే పొత్తు, కొత్తగా పళ్లసెట్టు పెట్టించుకున్న తాతయ్య చేతిలో పెట్టి చూడండి. ఒక్కసారి కొరుకుతారు. పైసెట్టు వెనకభాగం అంగిలి నుంచి ఊడి టక్కున కిందికి జారుతుంది. ఆయన మూతి బిగించి, నాలుకతో దాన్ని పైకి నెట్టుకుని, పొత్తు పక్కన పెట్టేస్తారు. "ఆకలిగా లేదురా" అంటారు.

అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "అంత డబ్బు పోసి చేయిస్తే, పెట్టుకోవడం కూడా రాదు" అనేది ఒకటి. "ఆ డాక్టరుకి పని రాదు" అనేది రెండోది. ఒక్కోసారి రెండో మాట నిజమే కావచ్చు. కానీ సెట్టు ఎంత బాగా కుదిరినా పొత్తు దగ్గర తడబడుతుంది. కట్టుడు పన్ను చూడ్డానికి పన్నులా ఉంటుంది గానీ, పనిచేసే తీరులో అది పూర్తిగా వేరే వస్తువు. ఈ సంగతి తాతయ్యకి ఎవరూ విడమర్చి చెప్పరు, మనకీ చెప్పరు. అందుకే ఈ వారం కాలమ్ ఆయన తరఫున.

మన సొంత పన్ను, పశువుల కొట్టంలో పాతిన గుంజ లాంటిది. బయటికి కనిపించేది కొంచెమే. దవడ ఎముకలోకి దిగిన వేరు అంతకంటే పొడుగు. పళ్లసెట్టుకి వేరు లేదు. చిగుళ్ల మీద ఊరికే కూచుంటుంది. చిగుళ్లేమో మెత్తన, పైగా ఎప్పుడూ తడి. అంటే పరుపు మీద పీట వేసినట్టన్నమాట. ఆ పీట మధ్యలో కూచుంటే పర్లేదు. ముందు అంచు మీద కూచుంటే? వెనక అంచు లేస్తుంది. పొత్తు కొరికినప్పుడు నోట్లో జరిగేది సరిగ్గా అదే. ముందుపళ్ల మీద బరువు పడుతుంది, వెనకవైపు పట్టు వదిలేస్తుంది.

సొంత పళ్లలో ఏ గుంజ పని ఆ గుంజది. ముందుపన్ను కొరుకుతుంటే వెనకున్న దవడపన్నుకి ఆ కబురే అందదు. సెట్టులో అలా కాదు. మామూలుగా పైన పద్నాలుగు, కింద పద్నాలుగు పళ్లు పెడతారు. ఏ వరసకి ఆ వరస ఒకే పలక మీద ఉంటుంది కాబట్టి ఒకదాని మీద బరువు పడితే పద్నాలుగూ కలిసి కదులుతాయి. సొంత పన్ను ఒకటి కాస్త వంకరగా ఉన్నా, కాస్త ఎత్తుగా ఉన్నా ఏళ్ల తరబడి సర్దుకుపోతుంది. మనలో చాలామందికి అలాంటి పన్ను ఒకటి ఉందని కూడా తెలీదు. సెట్టులో ఒక పన్ను కొద్దిగా ఎత్తయితే రెండోరోజుకే చిగురు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. "గుచ్చుకుంటోంది" అని తాతయ్య అంటే అది గొణుగుడు కాదు. డాక్టరు ఆ చోటు చూసి కొంచెం అరగదీస్తే పోతుంది. సెట్టు ఇచ్చిన తర్వాత రెండు మూడుసార్లు ఈ సవరింపులకి వెళ్లాల్సి రావడం మామూలే. చాలా ఇళ్లలో ఆ వెళ్లడమే మానేసి, సెట్టుని డబ్బాలో పెట్టేస్తారు.

ఇప్పుడు చిన్న పరీక్ష. తల వెంట్రుక ఒకటి తీసి, కడిగి, పై పన్నుకీ కింది పన్నుకీ మధ్య పెట్టి మెల్లగా కొరకండి. తెలుస్తోంది కదా? సొంత పళ్లున్న మనిషి మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందాన్ని కూడా పసిగట్టగలడని పరిశోధనలు చెబుతున్నాయి. అది వెంట్రుక కంటే సన్నం. పూర్తి సెట్టు పెట్టుకున్నవాళ్లకి దానికి ఐదు రెట్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటే గానీ తెలీదు.

నిజానికి ఈ స్పర్శ పన్నుది కాదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నార పొర ఒకటి ఉంటుంది. మందం మిల్లీమీటరులో ఐదో వంతు, అంటే రెండు కాగితాలు కలిపి పట్టుకున్నంత. గుంజని చుట్టూ వేల తాళ్లతో గుంతకి కట్టి ఉంచినట్టు ఆ పొర పన్నుని ఎముకకి కట్టి ఉంచుతుంది. బరువు పడినప్పుడు అణిగి దెబ్బని తనే మింగుతుంది. నరాల కొసలు అందులోనే ఉంటాయి. పంటికింద రాయి తగలగానే, మీరు ఆలోచించే లోపే దవడ ఆగిపోతుంది చూడండి, ఆ కబురు మోసేది ఎక్కువగా ఈ పొరే. పన్ను పీకించినప్పుడు దాంతోపాటు ఇదీ పోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా తిరిగి రాదు. మిగిలేది చిగుళ్ల స్పర్శ ఒక్కటే. రాయి పడ్డ సంగతి వాటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

పైసెట్టు అంగిలి మొత్తాన్ని కప్పేస్తుంది. కాబట్టి వేడి టీ ఎంత వేడిగా ఉందో అంగిలికి తెలీదు, గొంతులోకి దిగాక తెలుస్తుంది. చేపముల్లు కూడా అంతే. రవ్వ, బొచ్చె లాంటి ముళ్ల చేపలు సెట్టుతో కొత్తగా తినేవాళ్లకి మంచివి కావు. కొర్రమీనైతే ముళ్లు తక్కువ. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే కాబట్టి తాతయ్య పేరు చెప్పి ఇంటిల్లిపాదీ తినొచ్చు. ధర సంగతి నన్నడక్కండి.

బలం లెక్క చూద్దాం. పది రూపాయల బిళ్లలు కొన్ని తీసి బల్ల మీద పరవండి. ఒక దవడలోని సొంత పళ్ల వేళ్లు ఎముకని పట్టుకునే నార పొర మొత్తం విస్తీర్ణం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. అంటే ఎనిమిది బిళ్లలు. పైసెట్టు ఆనుకునే చోటు సుమారు 23 చదరపు సెంటీమీటర్లు, నాలుగు బిళ్లలు. కిందిసెట్టుకి మిగిలేది 12 మాత్రమే. రెండే బిళ్లలు! ఎనిమిది బిళ్లల మేర ఎముక మోయాల్సిన బరువుని రెండు బిళ్లల మేర మెత్తటి చిగురు మోయాలి. అందుకే సెట్టుతో గట్టిగా కొరికే బలం, సొంత పళ్ల బలంలో ఐదో వంతో ఆరో వంతో ఉంటుంది. జంతిక దగ్గర అమ్మమ్మ తటపటాయించేది వయసు వల్లే కాదు, ఈ లెక్క వల్ల కూడా.

నమిలే తీరు కూడా తలకిందులవుతుంది. మనం చెరుకుముక్కో, గట్టి మటన్ ముక్కో అయితే ఒక వైపుకి, అదీ బాగా వెనక దవడపళ్ల కిందికి తోస్తాం. సొంత పళ్లకి అదే మంచి చోటు. సెట్టుకి అది చెడ్డ చోటు. కింది దవడ వెనక భాగం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అక్కడ నొక్కితే సెట్టు ముందుకి జారుతుంది. ఒక వైపే నమిలితే రెండోవైపు లేస్తుంది. అందుకే సెట్టు తయారుచేసేటప్పుడు పళ్లు రెండు వైపులా ఒకేసారి ఆనేలా కూర్చుతారు. సొంత పళ్లలో అలా రెండు వైపులా ఒకేసారి ఆనడం మామూలుగా ఉండదు, అవసరమూ లేదు. సెట్టు పెట్టుకున్న మనిషి చిన్న ముక్కలు తీసుకుని, కుడివైపు కొంచెం ఎడమవైపు కొంచెం పెట్టుకుని, వెనక్కి తోయకుండా మధ్యపళ్లతో మెల్లగా నమలాలి. అరవై ఏళ్ల అలవాటుని మార్చుకోవడమిది. నాలుక, బుగ్గలు, దవడ కండరాలు అన్నీ మళ్లీ నేర్చుకోవాలి. దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని దంతవైద్య పాఠ్యపుస్తకాలే చెబుతాయి. మనం పెళ్లి రెండు రోజులుందనగా సెట్టు తెచ్చి, బంతిలో కూచోబెట్టి, "తిను తాతా" అంటాం.

పైసెట్టు కంటే కిందిసెట్టు ఎప్పుడూ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కడిగి ఒకదాని మీద ఒకటి పెట్టిన స్టీలు ప్లేట్లు ఒక్కోసారి అతుక్కుపోయి ఎంత లాగినా రావు కదా, పైసెట్టు అంగిలికి పట్టుకునేది అలాగే. మధ్యలో ఉమ్మి పలచటి పొరలా ఉంటుంది, అంచుల దగ్గర గాలి చొరబడదు. కిందిసెట్టు గుర్రపు నాడా ఆకారం. మధ్యలో నాలుక. నాలుక కదిలిన ప్రతిసారీ దాన్ని లేపుతూనే ఉంటుంది. బీపీకీ, ఇంకా కొన్నిటికీ వాడే మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్లలో పైసెట్టు పట్టు కూడా తగ్గుతుంది. కొత్త సెట్టు పెట్టిన మొదటి రోజుల్లో మాత్రం నోట్లో తెగ నీళ్లూరతాయి. నోరు దాన్ని తినేవస్తువు అనుకుంటుంది పాపం.

ఈ పట్టు సంగతి తెలియని కాలంలో పడ్డ పాట్లు చూస్తే నవ్వూ జాలీ రెండూ వస్తాయి. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789లో పదవి చేపట్టేనాటికి ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను. చెక్కపళ్లు పెట్టుకునేవాడని కథ ఉంది గానీ అది నిజం కాదు. ఏనుగు దంతం లాంటి జంతు దంతాలు, మనుషుల పళ్లు, సీసం, వీటితో చేసినవి. పై సెట్టునీ కింది సెట్టునీ విడదీసి నెట్టే స్ప్రింగులుండేవి. నోరు మూసి ఉంచాలంటే దవడ బిగించి కూచోవాల్సిందే. ఇప్పుడు మనం చూసే గులాబీరంగు ఆక్రిలిక్ పలక వాడుకలోకి వచ్చింది 1930ల చివర్లో.

మాట దగ్గరికొద్దాం. బళ్లో వ్యాకరణం చదివినప్పుడు దంత్యాలని నేర్పారు గుర్తుందా? త, థ, ద, ధ, న, ల, స. నాలుక పళ్ల దగ్గరికి వెళ్తే పలికేవి. వ అయితే దంత్యోష్ఠ్యం, పై పళ్లూ కింది పెదవీ కలిస్తే పలికేది. తెలుగులో ఒక్క వాక్యం ఇవేమీ లేకుండా చెప్పడానికి ప్రయత్నించండి, ఎంత కష్టమో తెలుస్తుంది. సెట్టు పెట్టగానే ముందుపళ్ల వెనక రెండు మిల్లీమీటర్ల పలక కొత్తగా చేరుతుంది. నాలుకకి తెలిసిన కొలతలన్నీ తప్పుతాయి. స దగ్గర ఈల వస్తుంది. తాతయ్య నాలుగు రోజులు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడితే కోపం అనుకోకండి. ఇంట్లో పేపరు గట్టిగా చదివించండి. పది పదిహేను రోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది.

సర్దుకోనిది ఒకటుంది. అది ఎముక. పన్ను ఉన్నంతకాలం ఆ చుట్టూ ఎముక ఉంటుంది. పన్ను పోయాక అది కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాది వేగంగా, తర్వాత మెల్లగా, కానీ ఆగదు. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు సెట్టు వాడేవాళ్లని 25 ఏళ్ల మేర పరిశీలించి 1972లో ఆ ఫలితాలు ప్రచురించారు. పై దవడ కంటే కింది దవడలో ఎముక సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కరిగింది. అసలే రెండు బిళ్లల చోటు, అందులోనూ ఈ అరుగుదల. ఐదారేళ్ల క్రితం చక్కగా కుదిరిన సెట్టు ఇప్పుడు గలగలలాడుతోందంటే మారింది సెట్టు కాదు, దాని కింది నేల. లోపలి వైపు కొత్త పొర వేయించడమో, కొత్తది చేయించడమో చేయాలి. కొన్ని ఊళ్లలో ఒకే సెట్టుని ఇరవై ఏళ్లు వాడటం గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది చెప్పు అరిగి కాలు కోసుకుపోతున్నా అదే చెప్పు వేసుకు తిరగడంలా కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. మన పల్లెల్లో తరచూ వినపడే మాట ఇది: "ఉన్న నాలుగూ ఊగుతున్నాయి, ఒక్కసారే పీకించేసి మొత్తం సెట్టు పెట్టించేస్తే పీడా పోతుంది." పీడా అక్కడే మొదలవుతుంది. ముఖ్యంగా కింది దవడలో కోరపళ్లు రెండు గట్టిగా ఉంటే వాటిని కాపాడుకునే దారి ఉందేమో ముందు అడగండి. పన్నుకి రూట్ కెనాల్ చేసి, పైభాగం చిగురు మట్టానికి తగ్గించి, వేళ్లని అలాగే ఉంచి, వాటి మీద సెట్టు కూచోబెడతారు. దీన్ని ఓవర్‌డెంచర్ అంటారు. 1978లో క్రమ్, రూనీ అనే ఇద్దరు ఐదేళ్ల పాటు చూసి ప్రచురించిన లెక్క ప్రకారం, వేళ్లు ఉంచినవాళ్లలో కింది దవడ ముందుభాగం ఎముక 0.6 మిల్లీమీటర్లు తగ్గితే, మామూలు పూర్తి సెట్టు వాళ్లలో 5.2 మిల్లీమీటర్లు తగ్గింది. వేళ్లు ఉంటే ఆ నార పొరా ఉంటుంది, కాస్త స్పర్శా మిగులుతుంది. ఊగిపోయే పళ్లకి ఇది కుదరదు, మిగిలిన వేళ్లని రోజూ శుభ్రం చేసుకోవాలి కూడా.

పళ్లన్నీ పోయినవాళ్లకి ఇంకో దారి, కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి సెట్టుని వాటికి గుండీల్లా బిగించడం. పళ్లు లేని కింది దవడకి మొదట ఆలోచించాల్సిన వైద్యం ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. ఖర్చు ఎక్కువ, అది నిజం. ఇంప్లాంటు చుట్టూ నార పొర ఉండదు, కాబట్టి సొంత పన్నంత స్పర్శా రాదు. కానీ సెట్టు లేవదు.

వద్దే వద్దనాల్సింది ఒకటుంది. ఒకటో రెండో పళ్లు పోయినచోట, చదువుకోని చేతులతో పక్కపళ్లకి ప్లాస్టిక్ పన్ను అతికించేసే పని. అరగంటలో అయిపోతుంది, చవక, తీసి పెట్టుకునే బాధ లేదు. కడగడానికీ వీలుండదు. కింద కూడు పేరుకుని, మంచి పళ్లు రెండూ దాంతోపాటే పోతాయి.

బోనకల్ వాళ్లకి రైలుంది, ఖమ్మంలో మమతా డెంటల్ కాలేజీ ఉంది. ఏ దంతవైద్య కళాశాలలోనైనా కట్టుడు పళ్లకి వేరే విభాగం ఉంటుంది, ప్రోస్థోడాంటిక్స్ అంటారు. పూర్తి సెట్టుకి మామూలుగా నాలుగైదు సార్లు వెళ్లాలి. రెండుసార్లు అచ్చులు, ఒకసారి దవడల కొలత, ఒకసారి మైనంలో పళ్లు గుచ్చి చూపించడం, చివరికి సెట్టు. ఆ మైనం రోజున మీరు తోడు వెళ్లండి. పళ్లు పొడుగయ్యాయా, పెదవి ఉబ్బిందా, స సరిగ్గా పలుకుతోందా, ఏది మార్చాలన్నా అప్పుడే సులువు. తాతయ్య మొహమాటానికి "బానే ఉందయ్యా" అనేస్తారు.

వచ్చాక మొదటి వారం మెత్తటి అన్నం, పప్పు, ఇడ్లీ. తర్వాత పప్పుచారులో నానేసిన జొన్నరొట్టె. జామకాయైతే గింజ తీసి సన్నగా తరిగి పెట్టండి. గింజ పలక కిందికి దూరితే సూది గుచ్చినట్టే. మొక్కజొన్న కావాలంటే లేతది ఉడికించి, గింజలు ఒలిచి గిన్నెలో ఇవ్వండి. సెట్టు ఉన్నవాళ్లు మెల్లమెల్లగా మాంసం, పచ్చి కూరగాయలు, పళ్లు మానేసి అన్నం, బిస్కెట్ల మీదికి వెళ్లిపోతారు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా అనే అడుగుతాం, ఏం తినడం మానేశావని కూడా అడగండి. ఇరవై రెండేళ్లకే పుచ్చిన దవడపన్ను చూపించి "పీకేయండి డాక్టర్, తర్వాత పెట్టించుకుంటా" అనేవాళ్లు పైన చెప్పిన పది రూపాయల బిళ్లల లెక్క ఇంకోసారి చదవండి.

సెట్టుని రాత్రి తీసేయాలి, చిగుళ్లకి విశ్రాంతి కావాలి. మెత్తటి బ్రష్షు, సబ్బుతో తోమాలి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. వేడినీళ్లు పోస్తే వంకరపోతుంది, మామూలు నీళ్లలో వేయాలి. ఆ నీళ్ల గ్లాసు మాత్రం గాజుదో, లోపల కనిపించే ప్లాస్టిక్‌దో పెట్టండి. స్టీలు గ్లాసైతే తెల్లారి ఎవరో ఒకరు ఆ నీళ్లు వాకిట్లో పారబోస్తారు, పద్నాలుగు పళ్లతో సహా.